ఒక చిన్న నది, రెండు జ్ఞాపకాలు

స్విట్జర్లాండు దేశంలో గ్లారుస్ అనే చిన్న కొండ రాష్ట్రం ఉన్నది. దాని దక్షిణపు కొసన 3,600 మీటర్లకు మించిన టోడి శిఖరం నిలిచి ఉంటుంది. ఆ ప్రాంతపు మంచు కరిగి దిగివచ్చే వాగులు కలిసి లింత్ నది అవుతుంది. అది ఉత్తరంగా పారి జూరిచ్ సరస్సులో ప్రవేశిస్తుంది. సరస్సు దాటి బయటకు వచ్చేసరికి ఆ నీటి పేరు లిమ్మత్. లిమ్మత్ ఆరె నదిలోను, ఆరె రైన్ నదిలోను కలుస్తాయి. పుట్టిన చోటు నుండి ఆరెను కలిసే వరకు దీని పొడవు సుమారు 140 కిలోమీటర్లే. అయినా ఈ చిన్న నది ఒడ్డున జరిగిన రెండు సంగతులు మన కుటుంబాలు తెలుసుకోదగినవి.

మొదటిది రాళ్ళ సంగతి. కొండవాగు నీటిని మాత్రమే తీసుకురాదు, రాళ్ళను, గులకను కూడా దొర్లించుకొని వస్తుంది. పూర్వం లింత్ నది వాలెన్ సరస్సులోనికి పోక, దాని దిగువన, సరస్సు నుండి వచ్చే నీటితో కలిసేది. 18వ శతాబ్దంలో అక్కడ గులక మేట వేసి నది అడుగు పైకి లేచింది. సరస్సు నీరు పోవుటకు దారి లేక వెనుకకు తన్నింది. వేసెన్, వాలెన్‌స్టాట్ ఊళ్ళ వీధులు నీట మునిగాయి. పచ్చిక భూములు బురద నేలలయ్యాయి. చలిజ్వరం ఇంటింటా మంచం పట్టించింది.

జూరిచ్ వాడైన హాన్స్ కొన్రాడ్ ఎషర్ ఆ పల్లెల కష్టం చూచి ఊరుకోలేదు. ఆయన కొండలను, రాళ్ళను శ్రద్ధగా పరిశీలించినవాడు. ప్రజలకు వాటాలు అమ్మి ధనం సమకూర్చారు. 1807లో పని మొదలైంది. ఉపాయం తేలికైనదే: నదిని నేరుగా వాలెన్ సరస్సులోనికి మళ్ళిస్తే, అది తన రాళ్ళను ఆ లోతులో దించి, తేట నీరుగా బయటకు వస్తుంది. 1811లో ఆ కాలువ తెరిచారు. జూరిచ్ సరస్సు వైపు సుమారు 17 కిలోమీటర్ల మరో కాలువను 1816లో ప్రారంభించారు. సరస్సు మట్టం 5 మీటర్లకు పైగా తగ్గింది, నేల తిరిగి ఆరింది. 1823లో ఎషర్ మరణించాక, ఆయన కుటుంబానికి 'లింత్ నదికి చెందినవారు' అనే గౌరవనామం ఇచ్చారు.

రెండవ సంగతి అంతకంటె పాతది, బరువైనది. 1506 నుండి 1516 వరకు గ్లారుస్‌లో సంఘ కాపరిగా ఉన్న ఉల్రిచ్ జ్వింగ్లీ, 1519లో ఇదే నీటికి దిగువనున్న జూరిచ్‌లో పరిచర్య ఆరంభించి సంఘ సంస్కరణకు నాయకుడయ్యాడు. ఆయన వద్ద లేఖనాలు చదివిన యువకులలో ఫెలిక్స్ మాంజ్ ఒకడు. విశ్వసించినవారే బాప్తిస్మం పొందవలెనని మాంజ్, అతని మిత్రులు నమ్మి, 1525 జనవరిలో ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొన్నారు. మరల బాప్తిస్మమిచ్చేవారిని నీట ముంచి చంపాలని 1526లో నగర సభ శాసనం చేసింది. 1527 జనవరి 5న మాంజ్‌ను చేతులు కట్టి, పడవలో తీసుకుపోయి లిమ్మత్‌లో ముంచివేశారు. గట్టున నిలిచిన తల్లి, విశ్వాసంలో స్థిరంగా ఉండుమని కుమారుని కేకవేసి బలపరచినదట. చంపినవారూ చచ్చినవాడూ ఒకే లేఖనాలను చేత పట్టినవారే!

ఆ కదలిక నుండి వచ్చినవారే మెన్నోనైట్లు. 19వ శతాబ్దపు చివర తెలంగాణకు వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీల ద్వారా పాలమూరు పల్లెలలో సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘాలవారికి మాంజ్ పరాయివాడు కాడు.

2004 జూన్‌లో జూరిచ్ సంస్కరణ సంఘంవారు, ఆ హింస తమ పితరుల తప్పని ఒప్పుకొని, మెన్నోనైట్ల ఎదుట క్షమాపణ కోరారు. నది గట్టున మాంజ్ పేరుతో ఒక రాతి ఫలకం నిలిపారు. ఆ ఒప్పుకోలుకు 477 సంవత్సరాలు పట్టింది.

లింత్ నది తన రాళ్ళు దించుకొనే చోటు దొరికిన తరువాతనే దిగువ ఊళ్ళు బ్రతికాయి. మన ఇండ్లలో, మన సంఘాలలో తండ్రుల కాలం నుండి మేట వేసిన పగలు ఉంటే, వాటిని దించుకొనే పని మరో తరానికి వదలవద్దు.