నొప్పి లేదంటే

బెంగళూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "నొప్పులేమన్నా ఉన్నాయా నాయనా?" అని అడిగేవాణ్ణి. "ఏం లేవులేరా" అనేవాడు. నిశ్చింతగా ఫోన్ పెట్టేసేవాణ్ణి.

సంక్రాంతికి పెద్దతిప్పసముద్రం పోతే, ఆయన అరికాల్లో విరిగిన తుమ్మముల్లు, చుట్టూ చీము. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలీదు.

పన్నెండేళ్ల షుగర్. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువుంటే నరాలు దెబ్బతింటాయని, పాదాల దాకా పోయే పొడవాటి నరాలే ముందు మొద్దుబారతాయని మదనపల్లెలో డాక్టరమ్మ చెప్పింది. పుండు ముదిరితే వేలో, కాలో తీసేయాల్సి రావచ్చు. కళ్లూ, కిడ్నీలూ ఇంతే, చప్పుడు చేయకుండా చెడతాయి. ఏడాదికోసారి రెటీనా, మూత్రం పరీక్షలు తప్పవంది.

నాయన అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజంగానే లేదు. జబ్బే అది.

ఇప్పుడు చెప్పుల్లేకుండా చేనికి పోడు. రాత్రిపూట అమ్మ టార్చి వేసి వేళ్ల సందులు చూస్తుంది. ఫోన్లో నా ప్రశ్న కూడా మారింది: "పాదాలు చూసుకున్నావా నాయనా?"