మైకు పెట్టె వెనక కుర్చీ

మన వాళ్ళలో ఎవరెవరు గనిలో ఏ పని చేసినారో, ఏ లైనులో కాపురం ఉన్నారో ఇంతకుముందు ఇక్కడ చాలాసార్లు రాసుకున్నాం. చర్చిలో మన వాళ్ళు చేస్తా వచ్చిన పని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఆ పని సరిగ్గా జరిగినప్పుడు ఎవరికీ కనబడదు కాబట్టి రాసుండరు. అయ్యగారి మాట వెనక బల్ల దాకా చక్కగా వినబడితే, అందరూ అయ్యగారు బాగా చెప్పినారంటారు. మైకు కూత పెడితే మాత్రం అందరి తలకాయలూ మావైపే తిరుగుతాయి. తాత కాలం నుంచీ మన ఇంటివాళ్ళు కూర్చునేది ఆ మైకు పెట్టె వెనకాలే. మూడో తరంగా ఇప్పుడు మేం కూర్చుంటా ఉన్నాం కాబట్టి ఈసారి దాని గురించి రాస్తాం.

అమెరికాలో ఉన్న మన చిన్నాన్న కొడుకు ఫోనులో చెప్పేదాకా ఈ పనికి ఒక పేరుందని మాకు తెలీదు. అక్కడ పెద్ద చర్చిల్లో 'టెక్నికల్ ఆర్ట్స్ డైరెక్టర్' అని ఒక ఉద్యోగం ఉందంట. వారానికి ఒక పూట చేసే సేవ కాదు, నెల జీతం తీసుకునే పూర్తికాలం పని. సౌండు, లైట్లు, తెర మీద పాటలు, లైవు ప్రసారం అన్నీ ఒకరి చేతి కింద ఉంటాయి. వైర్లు చుట్టే పిల్లలకి నేర్పించడం, ఏ సామాను ఎప్పుడు మార్చాలో లెక్క రాయడం, దానికి డబ్బు అడగడం కూడా ఆయన పనే. విని మేం నవ్వినాం. ఆ పనులన్నీ మన ఇంట్లో జీతం లేకుండా, పేరు లేకుండా, భోజనం చల్లారిపోయేదాకా చేస్తా వచ్చినవే కదా.

మన ఊరికీ కరంటుకూ ఉన్న సంబంధం పిల్లలకి తెలియాలి. 1902లో శివసముద్రం దగ్గర కావేరి నీళ్ళతో కరంటు తీసి, సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి, మొదట ఇచ్చింది మన కోలారు బంగారు గనులకే. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధానికన్నా మూడేండ్లు ముందే మన ఊర్లో కరంటు మోటార్లు తిరిగినాయి. తాత చాంపియన్ రీఫ్ గనిలో కరంటు పని నేర్చుకున్నారు. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. పైన ఇంజను తిప్పేవాడికి లోపలివాళ్ళు కనబడరు. గంట ఎన్నిసార్లు కొట్టినారన్నదాన్ని బట్టే కేజీని దించేదీ, లేపేదీ, ఆపేదీ. అందుకే తాత ఒక మాట అంటా ఉండేవారు: "రేయ్, పైనోడు చెప్పింది కిందోడికి చేరల్ల. చేరలేదంటే తప్పు వినేవాడిది కాదు, తీగ లాగినోడిది."

చర్చిలో మైకు పెట్టినప్పుడు కూడా ఆయన లెక్క అదే. ముందు బల్లలో కూర్చునే పెద్దమనుషుల్ని ఎప్పుడూ అడిగేవారు కాదు. చిట్టచివర, తలుపు పక్కన కూర్చునే ముసలవ్వల దగ్గరికి పొయ్యి, "అవ్వా, వినబడెనా?" అని అడిగేవారు. గని కూతల మధ్య, రాతి దుమ్ములో ఏండ్ల తరబడి పని చేసినవాళ్ళకి చెవి మందగించేది. వాళ్ళకి వినబడితేనే మైకు పని చేసినట్టు.

మెదక్ కెథెడ్రల్ చూసినవాళ్ళు మనలో ఉన్నారు. 1924లో ప్రతిష్ఠ అయిన ఆ గుడి 200 అడుగుల పొడుగు, 100 అడుగుల వెడల్పు, గోపురం 175 అడుగులు. అంత పెద్ద రాతి గుడిలో మాట గోడలకి తగిలి తిరిగి తిరిగి వస్తుంది. పైకప్పుకి స్పాంజి మాదిరి మెత్తని సామాను వాడినారని అక్కడ చెబుతారు. మైకు లేని రోజుల్లోనే మాట చేరాల్సిన దారి గురించి ఆలోచించినారంటే, ఈ పని ఈ కాలపు షోకు కాదని తెలుస్తుంది.

మన చర్చి చిన్నది. అయినా వెనక సగంలో మాట ముద్దగా వినబడుతుందని ఏండ్ల తరబడి ఒకటే ఫిర్యాదు. స్పీకర్లు మార్చండి, ఇంకా పెద్దవి తెండి అనేవారు. కారణం వేరే. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ముందు స్పీకరు నుంచి వెనక స్పీకరు దాకా 27 మీటర్ల దూరం. అంత దూరం రావడానికి ముందు శబ్దానికి దాదాపు 80 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలో కరంటు మాత్రం చిటికె వేసేలోగా చేరిపోతుంది. కాబట్టి వెనక కూర్చున్నవాళ్ళ చెవిలో ఒకే మాట రెండుసార్లు పడుతుంది. ముందు పక్కనున్న స్పీకరులోనిది, వెంటనే దూరం నుంచి వచ్చేది. వెనక స్పీకరుని ఆ 80 మిల్లీసెకన్లు ఆలస్యం చేయించినాం. కొత్త స్పీకరు ఒక్కటి కూడా కొనలేదు. ఆ ఆదివారం ఆరాధన అయినాక ఒక అవ్వ వచ్చి, "ఈ దినం అయ్యగారికి గొంతు బాగుండాది" అని పోయింది. మాకు అంతకన్నా మెచ్చుకోలు అక్కర్లేదు.

వారమంతా బెంగళూరులో మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము ఎక్కడ తెగుతుందో ముందే వెతకడం ఆ పని. శనివారం సాయంత్రం చర్చిలో కూడా అదే చేస్తాం. ప్రతి తీగ లాగి చూడడం, ప్రతి మైకులో మాట్లాడడం, బ్యాటరీలు మార్చడం, కరంటు పీకేసి యూపీఎస్ పట్టుకుందా లేదా చూడడం. నిన్న పని చేసింది కదా అని ఏదీ వదలకూడదు. ఆఫీసులో రిలీజు వాయిదా వేయొచ్చు. ఆదివారం 9 గంటలు ఎవరికోసమూ వాయిదా పడదు. పెండ్లి అయినా, సమాధి ఆరాధన అయినా మళ్ళీ చేసేది ఉండదు. తండ్రి గురించి కొడుకు చెప్పే నాలుగు మాటలు మైకులో పోకపోతే, అవి పోయినట్టే.

ఇదంతా ఎవరైనా నేర్చుకోవచ్చు. మన ప్రాంతంలో ఈ పనికి ఉన్న అసలు చిక్కు వేరే. తెర మీద ఏ అక్షరాలు వేయాలి?

మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు. వి.కోట, కుప్పం, పలమనేరు దిక్కు నుంచి వచ్చినవాళ్ళం. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో కూడా తెలుగు ఇంటింటా ఉంది. కానీ బడి కన్నడ. మేం పదో తరగతి దాకా చదివింది కన్నడ మీడియంలోనే. తెలుగు అక్షరాలు పెద్దయినాక కీర్తనల పుస్తకం పట్టుకుని, కన్నడంతో పోల్చుకుంటా నేర్చుకున్నాం. మా తరవాతి పిల్లలకి అదీ లేదు. తెలుగు పాట నోటికి వస్తుంది, పుస్తకం తెరిస్తే చదవలేరు. నోటికి వచ్చే పాటలు ఇరవయ్యో ముప్పయ్యో. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు, రాగం తాళం పేర్లతో సహా పుస్తకంలో ఉన్నవి, అవ్వలు పాడితే పిల్లలు మూగగా నిలబడతారు.

అందుకని తెలుగు పాటని కన్నడ అక్షరాల్లో తెర మీద వేద్దామన్నాం. దానికి కంప్యూటరు సాయం చేసింది. యూనికోడ్ పట్టికలో తెలుగు, కన్నడ పక్క పక్క ఇండ్లు. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. దాదాపు ప్రతి అక్షరానికీ అదే తేడా. కాబట్టి 128 కలుపుతా పోయే చిన్న ప్రోగ్రాము ఒకటి చాలు, పాటంతా లిపి మారిపోతుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాటలకి మాత్రం ఇది పనికి రాదు. వాటిలో తెలుగు బొమ్మల కింద దాగి ఉండేవి ఇంగ్లీషు కీల సంఖ్యలే. వాటిని మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. మా ఆవిడ, మా అక్క కలిసి మూడు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కొట్టినారు.

తరవాత టెస్టింగు. బండి ఱ వచ్చినచోట పిల్లలు ఆగిపోయినారు. కన్నడలో ఆ అక్షరం ఎప్పుడో వాడుక తప్పింది. దాన్ని మామూలు 'ర' చేసినాం. ఇంకొకటి మేం అనుకోనిది. ఒక పాటలో 'ఊట' అని వచ్చింది. తెలుగులో అది నీటి ఊట. కన్నడలో ఊట అంటే భోజనం. ఎనిమిదేండ్ల పిల్లోడు పాట అయినాక, "మామా, ఊట ఎప్పుడు పెడతారు?" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, అక్షరం మారిస్తే భాష దానంతట అదే రాదని ఆ దినమే తెలిసింది. అప్పటి నుంచి పాటకి ముందు అటువంటి మాటలు రెండు మూడింటికి అర్థం చెప్పే పని మా అక్క తీసుకుంది.

సంఘ పెద్దల్లో ఒకాయనకి ఇది ససేమిరా నచ్చలేదు. "తెలుగు పాటకి కన్నడ చొక్కా తొడిగితిరి. ఇంక మన పిల్లోళ్ళు తెలుగు అచ్చరం నేర్చరు" అన్నారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. కన్నడ లిపి దొరికితే తెలుగు లిపి కోసం కష్టపడే పిల్లలు ఎంతమంది? ఇంకోపక్క, లిపి కోసం కాచుకుంటే ఈలోగా పాటే పోతుంది. చివరికి తెరని రెండుగా చేసినాం. పైన తెలుగు, కింద అదే చరణం కన్నడ అక్షరాల్లో. ఒకసారికి నాలుగు చరణాలు పట్టే చోట రెండే పడతాయి. దానివల్ల తెర మార్చేవాడికి పని రెట్టింపు అయింది. పాట తెలిసినవాడు, రాగం సాగదీసేచోట ఆగేవాడు, ఊపిరి తీసే లోపల తర్వాతి తెర వేసేవాడు కావాలి. బటన్ నొక్కడం మాత్రమే వచ్చినవాడు చాలడు.

అటువంటి మనుషులు ఆదివారం మాత్రమే దొరుకుతారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాక మన ఊరి బతుకు ఏమయిందో చెప్పక్కర్లేదు. తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోవడం, చీకటి పడినాక రావడం. వారంలో ఆరు దినాలు సగం ఊరు రైల్లోనే ఉంటుంది. నాయన అట్లనే తిరిగినారు. ఆదివారం ఒక్కటే ఆయన నిద్రపోగలిగిన దినం, ఆ దినం కూడా ఏడింటికి చర్చిలో వైర్లు పరుస్తా ఉండేవారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి చర్చి తలుపులు మూసినప్పుడు ఫోనులో లైవు మొదలయింది. తలుపులు తెరిచినాక కూడా మంచం పట్టినవాళ్ళ కోసం, దూరదేశంలో ఉన్న మీ కోసం అది ఆగలేదు. పని మాత్రం ఒక పూట నుంచి మూడు దినాలకి పెరిగింది.

పోయిన ఏడాది కమిటీవాళ్ళు మమ్మల్ని పిలిచి, ఉద్యోగం మాని పూర్తికాలం ఇదే చేయమని అడిగినారు. మూడు తరాల పని కదా అన్నారు. ఇంట్లో రెండు వారాలు దీని మీదే మాట. బెంగళూరు ఇంటి కంతులు, పిల్లల ఫీజులు ఒకపక్క. తాత కుర్చీ ఒకపక్క. అమ్మ ఒక ప్రశ్న అడిగింది: "మీ నాయనని ఇన్నేండ్లు ఎవరూ జీతం ఇస్తామని అడగలేదు. ఇప్పుడు ఇస్తామనేది పనికా, మీ మొహానికా?"

ఆ మాట పట్టుకునే కమిటీకి జవాబు చెప్పినాం. మేం రాలేము. కానీ పనికి జీతం పెట్టండి. పదహారో ఏట నుంచి మా పక్కన వైర్లు చుడతా ఉన్న పిల్లోడు ఒకడున్నాడు. డిప్లొమా అయింది, వాడూ రేపో మాపో ఆ తెల్లవారుజాము రైలు ఎక్కేవాడే. తెలుగు, కన్నడ, తమిళం మూడూ మాట్లాడతాడు. వెనక బల్ల దగ్గరికి పొయ్యి అడిగే అలవాటు వాడికుంది. వాడిని పెట్టండి. సేవ అని చెప్పి సగం జీతం ఇవ్వొద్దండి. సోమవారం సెలవు ఇవ్వండి. సామాను కొనేటప్పుడు వాడిని అడగండి.

నాలుగు మీటింగులు పట్టింది. "దేవుడి పనికి జీతమా?" అన్నవాళ్ళూ ఉన్నారు. అయ్యగారే లేచి, "నేనూ జీతం తీసుకుంటా ఉండానే" అన్నారు. దాంతో ఆ వాదన అణిగింది. నెలకి 16 వేలు అని తీర్మానం అయింది. బెంగళూరు రేటుతో పోలిస్తే తక్కువే. రైలు చార్జీ లేదు, అద్దె లేదు, ఇంట్లో అమ్మని చూసుకోవచ్చు అని వాడు ఒప్పుకున్నాడు. రెండేండ్ల తరవాత కూడా ఆ డబ్బుకి వాడు ఉంటాడా అన్నది కమిటీ ఇప్పటినుంచే ఆలోచించాల్సిన సంగతి. మేం ప్రతి మీటింగులో అడుగుతానే ఉన్నాం.

ఇప్పుడు శనివారాలు మేం వాడి పక్కన కూర్చుంటాం, పెట్టె వాడి చేతిలో ఉంటుంది. వారం దినాల్లో సాయంత్రం ఐదుగురు పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పిస్తా ఉన్నాడు. తెర మార్చాలంటే పై లైను చదవడం రావాలని వాడు పెట్టిన షరతు. అభ్యంతరం చెప్పిన ఆ పెద్దాయనే పలకలు కొనిచ్చినారు.

మీ దగ్గర ఒక సాయం కావాలి. మన అవ్వలు, జేజెమ్మలు పాడిన కీర్తనలు పాత క్యాసెట్లలో ఎవరింట్లోనైనా ఉంటే పారేయకండి. పుస్తకంలో మాటలున్నాయి, రాగం పేరూ ఉంది, మన వాళ్ళు పాడిన వరస మాత్రం లేదు. టేపు బూజు పట్టినా పరవాలేదు, పంపించండి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని మన పిల్లోడు సోమవారం కాకుండా ఏ దినమైనా చేస్తాడు.