సంచీలో సంజీవని

పారేయడమనే విద్య మా వంశంలో ఎవరికీ అబ్బలేదు. కొబ్బరిపీచు అంట్లు తోమడానికి, పాతచీరె బొంతకి, బొంత చినిగితే కాళ్ళు తుడుచుకోవడానికి - యిలా ప్రతి వస్తువుకీ మా యింట్లో కనీసం మూడు జన్మలుంటాయి. మా అమ్మకి యిప్పుడు ఎనభయ్యారేళ్ళు. ఈనాటికీ పాలపాకెట్టు కత్తిరించి పాలు గిన్నెలో పోశాక, పాకెట్టును కాసిని నీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళు కూడా పాలలోనే కలిపి, పాకెట్టును కిటికీ వూచలకి ఆరేస్తుంది. నెలాఖరుకి పాతసామాన్లవాడు వస్తే దగ్గరుండి తూకం వేయించి మరీ యిస్తుంది.

అటువంటి యింట్లో పుట్టిన మా అమ్మాయికి ఎటువంటి వుద్యోగం దొరికిందో చూడండి! హైదరాబాదు శివార్లలో, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ అని టీకాల కర్మాగారాలూ, మందుల పరిశోధనా సంస్థలూ వున్న ప్రాంతం వుంది. అక్కడొక కంపెనీలో దాని పని ప్లాస్టిక్ సంచీల్లో మందు తయారుచేయడం. ఒక సంచీని ఒక్కసారే వాడతారు. పని కాగానే పారేస్తారు.

ఈ సంగతి చెబితే మా అమ్మ మొదట నమ్మలేదు.

"ఎంతుంటుందే ఆ సంచీ?" అని అడిగింది.

"పెద్దదైతే లక్షల్లో వుంటుంది, బామ్మా!"

"లక్షలు పోసి కొన్న సంచీని ఒక్కసారి వాడి పారేస్తారూ? కడిగి ఆరేసుకోవడానికి మీ ఆఫీసులో ఎవరికీ చేతులు లేవా?"

అమ్మాయి నవ్వేసింది గాని నాకు నవ్వు రాలేదు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. నా సందేహమూ సరిగ్గా అదే. పైగా నాకు ఈ మందులతో ఒక పాతబాకీ వుంది.

2016లో మా అక్కయ్యకి మెడ దగ్గర బిళ్ళలు కట్టాయి. పరీక్షలు చేసి లింఫోమా అన్నారు. ఒక జాతి కాన్సరు. మామూలు కాన్సరు మందులతోపాటు రిటుక్సిమాబ్ అనే మందు కూడా ఎక్కించాలన్నారు. అమెరికాలో 1997లో అనుమతి పొందిన మందు యిది. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దానికి సాటి మందును తయారుచేసి అమ్మకానికి పెట్టింది. మొదటిసారి ఎక్కించేటప్పుడు చాలా నెమ్మదిగా, గంటల తరబడి బొట్టుబొట్టుగా ఎక్కిస్తారు. ఆ రోజంతా మంచం పక్కన కూచుని ఆ బొట్లు లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పనిలేదు. అక్కయ్య బతికింది. యిప్పటికీ వుగాదికి మామిడిపిందెలు సరిగా తరగలేదని మమ్మల్ని కేకలేస్తోంది. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు చేశారు అనే ప్రశ్న మాత్రం నాలో అలాగే వుండిపోయింది. అమ్మాయి వుద్యోగంలో చేరాక, ఆదివారం ఆదివారం కూచోబెట్టి అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి.

తలనొప్పి బిళ్ళను రసాయనాలు కలిపి, కాచి, వడపోసి చేయవచ్చు. రిటుక్సిమాబ్ లాంటి మందు అలా కుదరదు. అది వేల పరమాణువులున్న పెద్ద మాంసకృత్తు. దాన్ని ప్రాణమున్న కణమే అల్లాలి. ఈ పనికి ఎక్కువగా వాడే కణం ఒక చైనా చిట్టెలుక అండాశయానిది. అమెరికాలో డెన్వరు నగరంలో థియొడోర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు 1957లో ఆ కణాలను వేరుచేసి పెంచడం మొదలుపెట్టాడు. ఆ చిట్టెలుక ఎప్పుడో పోయింది. దాని కణాల సంతానం మాత్రం ప్రపంచమంతటా యింకా వృద్ధి పొందుతూనే వుంది. వాటిలో మనకు కావలసిన జన్యువును చేర్చి, తగిన ఆహారం, ప్రాణవాయువు, మన వొంటివేడి అందిస్తే అవి మందును తయారుచేసి చుట్టూ వున్న ద్రవంలోకి వదులుతాయి.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ కణం మహా సుకుమారం. బాక్టీరియాకున్నట్టు దీనికి చుట్టూ గట్టి గోడ వుండదు. ఇది దాదాపు రోజుకొకసారి రెండవుతుంది. అనుకూలమైన చోట పడ్డ బాక్టీరియా కొన్ని రకాలైతే యిరవై నిమిషాలకొకసారి రెండవుతాయి. కణాల కోసం వండిన బలవర్ధకమైన ఆహారంలోకి అలాంటిది ఒక్కటి దూరిందంటే, తెల్లవారేసరికి పెళ్ళివారి భోజనమంతా పిలవని పేరంటగాళ్ళు తినేసినట్టే!

అందుకని వెనక అంతా స్టీలు గంగాళాల్లో చేసేవారు. ఇప్పటికీ చాలాచోట్ల చేస్తున్నారు. ఒక్కో గంగాళం ఒక మేడంత వుంటుంది. వొక మందు చేశాక దాన్ని కాస్టిక్ సోడాతో కడగాలి. తరవాత ఇంజెక్షనుకు పనికొచ్చేటంత శుద్ధమైన నీటితో మళ్ళీ మళ్ళీ కడగాలి. ఆ పైన, యిడ్లీపాత్రలో ఆవిరి పట్టినట్టు, 121 డిగ్రీల ఆవిరి పట్టాలి. గంగాళం ఒక్కటే కాదు. దానికి తగిలించిన గొట్టాలు, కవాటాలు, మూలలూ వంపులూ అన్నిటికీ యిదే స్నానం.

అంతా అయ్యాక, "శుభ్రంగా వుంది" అంటే ఒప్పుకోరు. శుభ్రంగా వుందని రుజువు చూపాలి. గోడలను తుడిచిన దూదినీ, కడిగిన నీటినీ పరీక్షించి, క్రితం మందు లేశమైనా మిగల్లేదని కాగితం మీద పెట్టాలి. మడి కట్టుకున్నామని చెబితే చాలదు, మడి చెడలేదని సాక్ష్యం తేవాలన్నమాట. ఈ కడగడానికీ, రుజువులకీ రోజులు పడుతుంది.

సంచీలు వచ్చింది ఈ బాధ తప్పించడానికే.

నిజానికి సంచీలో ప్రాణద్రవం పోయడం కొత్తేమీ కాదు. ఒకప్పుడు రక్తాన్ని గాజుసీసాల్లో వుంచేవారు. 1950 ప్రాంతంలో అమెరికా డాక్టర్లు కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ ప్లాస్టిక్ రక్తసంచీని తెచ్చారు. కింద పడితే పగలదు, కడగనక్కరలేదు. మందుల తయారీలోకి ఆ ఆలోచన కాస్త ఆలస్యంగా వచ్చింది. విజయ్ సింగ్ అనే ఇంజనీరు 1999లో ఒక పత్రం ప్రచురించాడు. ఒక సంచీలో సగందాకా కణాలున్న ద్రవం నింపి, మిగతా సగం గాలితో వుబ్బించి, వూగే బల్లమీద పడుకోబెట్టాడు. బల్ల వుయ్యాలలా వూగుతుంటే లోపల అలలు లేస్తాయి. ఆ అలలే ద్రవాన్ని కలుపుతాయి, ఆ అలలే గాలిని లోపలికి లాక్కుంటాయి. పసిపిల్లల్లాగే కణాలు కూడా వుయ్యాలలో పెరిగాయి!

ఇప్పటి పెద్ద సంచీలు రెండువేల లీటర్లు, అంతకుమించీ పడతాయి. అంత బరువును సంచీ ఒక్కటే మోయలేదు గనక స్టీలు తొట్టిలో దించుతారు. తొట్టి ఆసరాకి మాత్రమే. మందు దాన్ని తాకదు. సంచీ పొర చూడటానికి ఒకటే గాని అందులో పొరలు చాలా వుంటాయి. లోపల ద్రవానికి తగిలేది పాలిథిలీను, మధ్యలో గాలిని రానివ్వని పొర ఒకటి, బయట గట్టిదనానికి మరొకటి. గొట్టాలన్నీ ముందే అతికించి, మొత్తం మూటకట్టి, గామా కిరణాలతో సూక్ష్మజీవుల్ని చంపి పంపుతారు. విప్పడం, అమర్చడం, గాలి నింపి ఎక్కడా కారడం లేదని పరీక్షించడం - అంతే.

అయితే మూసిన సంచీలో ద్రవాన్ని కదిలించేదెలా? గరిటె పెట్టామంటే కాడ దూర్చడానికి చిల్లు కావాలి; చిల్లున్న చోట శత్రువుకి దారి వుంది. అందుకని కొన్ని సంచీల్లో అడుగున ఒక చిన్న ప్లాస్టిక్ చక్రాన్ని అయస్కాంతంతో సహా లోపలే వుంచి మూసేస్తారు. బయట మరో అయస్కాంతం తిరిగితే, మధ్యలో పొర వున్నా సరే, లోపలిది దాని వెంట తిరుగుతుంది. కాగితం కింద అయస్కాంతం ఆడించి, పైన గుండుసూదులు నడిపించే ఆట నేను ఆరో తరగతి పిల్లలకి ఎన్నిసార్లు చూపించానో! ఆ ఆటే అక్కడ మందు కలుపుతోంది.

పంపు మరీ ముచ్చటైనది. మెత్తని గొట్టాన్ని గుర్రపునాడాలా వంచి పెడతారు. మధ్యన తిరిగే చక్రం అంచున వున్న చిన్న రోలర్లు ఆ గొట్టాన్ని నొక్కుతూ పోతాయి. ఆవు పొదుగు పితికినట్టు ద్రవం ముందుకు నడుస్తుంది. పంపులోని ఏ భాగమూ ద్రవాన్ని ముట్టుకోదు. ముట్టుకునేది గొట్టం ఒక్కటే. మైకేల్ డెబేకీ అనే డాక్టరు 1930లలో రక్తం ఎక్కించడానికి ఇలాంటి పంపును వాడాడు. 1953లో గిబ్బన్ అనే సర్జను గుండె ఆపరేషను చేసేటప్పుడు రోగి రక్తాన్ని నడిపిన యంత్రంలో కూడా వున్నది ఈ రోలరు పంపే.

ఇదంతా విడమర్చి చెప్పాక మా అమ్మ కాసేపు ఆలోచించింది.

"అయితే విస్తరాకు లాంటిదనరాదూ! విస్తరి కడిగి యింకొకళ్ళకి వేస్తామా?" అంది.

ఇంత చక్కని వుపమానం నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను. కాని ఏమాటకామాట చెప్పుకోవాలి. విస్తరాకును ఆవు తింటుంది, మట్టి కలుపుకుంటుంది. ఈ సంచీని ఆవూ తినదు, మట్టీ కలుపుకోదు. పొరలన్నీ అతుక్కుని వుంటాయి గనక కరిగించి మళ్ళీ వాడుకోవడమూ కష్టం. చాలామటుకు కాల్చివేతకే పోతుంది. స్టీలు గంగాళానికి ఖర్చయ్యే నీళ్ళూ, ఆవిరీ, వేడీ లెక్కవేస్తే సంచీయే నయమని లెక్కలు కట్టినవారు వున్నారు. అది నిజమే కావచ్చు. అయినా మిగిలిన చెత్త చెత్తే.

మరో రెండు లోపాలు కూడా అమ్మాయే చెప్పింది. అమెరికాలో ఆమ్జెన్ సంస్థ శాస్త్రజ్ఞులు, కొన్ని సంచీల్లో కణాలు సరిగా పెరగకపోవడం చూసి కారణం వెతికారు. ప్లాస్టిక్ పాడవకుండా అందులో కలిపిన పదార్థమే గామా కిరణాలకు విరిగి, వేరొక పదార్థంగా మారి, ద్రవంలోకి వూరి, కణాల పెరుగుదలను అణచివేస్తోందని 2013లో ప్రకటించారు. కాపాడడానికి వేసిందే కీడు చేసిందన్నమాట! ఆ తరవాత సంచీలు చేసేవారు ప్లాస్టిక్ పాళ్ళు మార్చుకోవలసి వచ్చింది. యిక రెండోది పరాధీనత. 2021లో కోవిడు టీకాల కోసం ప్రపంచమంతా ఒక్కసారి ఎగబడినప్పుడు, అమెరికా చట్టం వల్ల సంచీలూ, వడపోత సామగ్రీ అందడం లేదని పూనాలోని సీరం సంస్థ అధిపతి బహిరంగంగానే మొరపెట్టుకున్నారు. స్టీలు గంగాళం వొకసారి కొంటే యింట్లో పడివుంటుంది. సంచీ అయితే ప్రతి వంటకీ పక్కింటికి వెళ్ళి గిన్నె అడగడమే.

క్రితం యేడు వర్షాకాలంలో వొకనాడు అమ్మాయి రాత్రి పదకొండింటికి యిల్లు చేరింది. మొహం వాడిపోయి వుంది. మా ఆవిడ అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. అడగ్గా అడగ్గా చెప్పింది. కణాలు వేసి అది పదోరోజట. బ్రహ్మాండంగా పెరుగుతున్నాయట. సాయంత్రం రౌండుకి వెళితే సంచీ కింద వున్న పళ్ళెంలో నాలుగు బొట్లు కనిపించాయి. గొట్టం అతికిన చోట సన్నని చెమ్మ. అప్పటికప్పుడు తీసిన నమూనాలో సూక్ష్మజీవులేమీ కనబడలేదు.

"నాలుగు బొట్లే కదమ్మా! బయటికి కారితే లోపలికి ఏదో పోయిందని ఏమిటి?" అన్నాను.

"పోలేదని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదుగా, నాన్నా!" అంది.

చూసిన క్షణాన్నే పుస్తకంలో రాసి, పైవాళ్ళకి ఫోను చేసిందట. వాళ్ళొచ్చి చూశారు. మర్నాటికి నిర్ణయం వచ్చింది. పది రోజుల పనినీ వేడిచేసి చంపి, పారబోశారు. అన్నీ కలిపి ఎంత నష్టమో మా అమ్మాయి చెప్పలేదు, నేను అడగలేదు.

పళ్ళెం తుడిచేసి, ఆ అతుకు బిగించేసి వూరుకుంటే? అక్కడ ఆ సమయానికి అది తప్ప మరో మనిషి లేదు. మందు బాగానే వుండేదేమో కూడా. సంచీ, పంపు, అయస్కాంతం, గామా కిరణాలు - యిన్ని చేసినా, చివరకు రాత్రివేళ వొంటరిగా వున్న ఒక పిల్ల నాలుగు బొట్లను చూసీ చూడనట్టు పోకుండా వుండడం మీద అంతా ఆధారపడి వుంది. ఆ సంగతి తెలిశాక నాకు భయం వేసింది. కొంచెం ధైర్యమూ వేసింది.

సంక్రాంతికి అక్కయ్య వచ్చినప్పుడు ఈ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"నాకెక్కించిన మందు వెనక కూడా యిలాంటి పిల్లో పిల్లాడో వుండే వుంటారురా తమ్ముడూ! ఎవరో తెలిస్తే బొట్టుపెట్టి బట్టలు పెట్టేదాన్ని" అంది.

ఎవరో తెలియదు గనక, వెళ్ళేముందు పెట్టె తెరిచి, తనకోసం కొనుక్కున్న కొత్త గద్వాల చీరె తీసి మా అమ్మాయికి పెట్టింది.