అమ్మ సెలవు ఏ బ్యాగులో ఉంది?

"సెల్ఫ్ క్యాటరింగ్ అంటే ఏంటమ్మా?" అని నాన్న అడిగితే మా వదిన ఒక్క ముక్కలో తేల్చేసింది. "వంటిల్లు మారుతుంది మావయ్యగారూ, వంట చేసే మనిషి మారదు." అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే లేచెళ్లి కుక్కర్ కింద స్టవ్ కట్టేసి వచ్చింది.

నేను ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. అన్నయ్యావాళ్లూ ఇదే ఊళ్లో ఉంటారు. జూన్‌లో అమ్మానాన్న తణుకు నుంచి వచ్చారు. అక్టోబరులో అన్నయ్య కొడుక్కి స్కూలు సెలవులిస్తారు కదా అని షేర్‌వుడ్ అడవిలో ఒక లాడ్జి బుక్ చేశాం. రాబిన్‌హుడ్ కథల్లో ఉండే అడవి అదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా 4 రాత్రులు, ఆరుగురం. లాడ్జి అనగానే నాన్న మొహం అదోలా పెట్టారు. మన బస్టాండ్ ఎదురుగా ఉండే లాడ్జి కాదు, చెట్ల మధ్య విడిగా ఉండే చిన్న ఇల్లు అని ఫొటోలు చూపిస్తే గానీ నమ్మలేదు.

ఇలాంటి అడవి రిసార్టుని సెంటర్ పార్క్స్ వాళ్లు 1968లో నెదర్లాండ్స్‌లో మొదలుపెట్టారు. బ్రిటన్‌లో వాళ్ల మొదటిది 1987లో ఈ షేర్‌వుడ్‌లోనే వచ్చింది. పద్ధతి సింపుల్. ప్రతి ఇంట్లో స్టవ్, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. మొదటి రోజు ఇంటి ముందు సామాన్లు దించుకుని, కారు తీసుకెళ్లి పార్కింగ్‌లో పెట్టెయ్యాలి. ఇక వెళ్లేదాకా నడకో, సైకిలో. అంటే తెచ్చుకున్నదే సామాను. కారులో మర్చిపోతే అడవిలో నడుచుకుంటూ వెళ్లి తెచ్చుకోవాలి.

అందుకే నేనో షీట్ తయారుచేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టా. మూడు కాలమ్స్: వస్తువు, ఏ బ్యాగు, ఎవరు తెస్తారు. రెండు రోజుల్లో 58 వరసలు నిండాయి. అన్నయ్య స్పీకరు, పేకముక్కలు రాశాడు. వాడి కొడుకు డైనోసార్ రాశాడు, పేరుతో సహా. అమ్మ ఫోన్‌లో తెలుగు టైపింగ్ నేర్చుకుని మరీ రాసింది: కుక్కర్, మిక్సీ, పోపుల డబ్బా, ఇడ్లీ రేకులు, చపాతీ కర్ర, 5 కిలోల బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీ. మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి ఇక్కడికి తేనివ్వరు కాబట్టి నెయ్యి రాలేదు. ఆవకాయ మాత్రం పెట్టెలో బట్టల మధ్య నాలుగు కవర్లు చుట్టుకుని దర్జాగా దిగింది.

అప్పుడు వదిన ఆ షీట్‌లో నాలుగో కాలమ్ ఒకటి కలిపింది: 'ఎవరు వాడతారు'.

అంతే. మామూలుగా మేము డేటాని ఫిల్టర్ చేస్తే బగ్ ఎక్కడుందో కనపడుతుంది. ఇక్కడ ఇంటి సంగతి కనపడింది. 58 వస్తువుల్లో 37 వంటింటివి. అందులో 33కి ఎదురుగా 'అమ్మ' అని ఉంది. అమ్మ తన కోసం తెచ్చుకుంటున్నవి మూడంటే మూడు: చీరలు, స్వెటరు, మోకాళ్ల నొప్పికి రాసుకునే మందు. 'నాన్న షుగర్ మాత్రలు' అన్న వరసలో కూడా తెచ్చేది అమ్మే, వాడేదీ అమ్మే అని ఉంది. ఆ రెండోది నాన్నే నింపారు. మాత్ర తీసి చేతిలో పెట్టేది అమ్మ కాబట్టి ఆయన లెక్కలో అది కరెక్టే.

వదిన ఏ గొడవా పెట్టుకోలేదు. "అత్తయ్యా, ఈ నాలుగు రోజులూ మీరేం చేస్తారక్కడ?" అని మాత్రం అడిగింది.

"ఏముందే, పొద్దున్నే టిఫిన్, మధ్యాహ్నం అన్నం కూరా, రాత్రికి చపాతీలు" అంది అమ్మ. అడిగింది మెనూ గురించి అనుకుంది పాపం.

ఇక్కడ ఒకటి చెప్పాలి. అమ్మ చేతిలోంచి గరిటె లాగేసుకోవడం ఆమెకి సెలవిచ్చినట్టు కాదు. "నువ్వేం ముట్టుకోకు, హాయిగా కూర్చో" అని అన్నయ్య అంటే అమ్మ మొహం చిన్నబోయింది. "కూర్చుని ఏం చెయ్యనురా? మీరు చేసింది తిని పిల్లాడికి కడుపు నొప్పొస్తే?" అంది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో తన మాటకి ఎదురులేని చోటు ఏదన్నా ఉందంటే అది వంటిల్లే. అది తీసేస్తే బదులుగా మనం ఇచ్చేదేంటి? సోఫానా?

అందుకని అమ్మని ఆపడం మానేసి లిస్టుని మార్చాం. పూటల లెక్కన విడగొట్టాం. సోమవారం రాత్రికి ఇంటి దగ్గరే కలిపిన పులిహోర, పెరుగన్నం. మంగళవారం అన్నయ్య చికెన్ కూర: మసాలా పట్టించి డబ్బాలో గడ్డకట్టిస్తే దారిలో మిగతావాటికి ఐస్‌లా పనికొస్తుంది. బుధవారం నాది, కోడిగుడ్ల పులుసు. గురువారం బయట తిండి. పొద్దున టిఫిన్లు నాన్నవి. ముందే వేయించిన రవ్వ, తరిగిన అల్లం పచ్చిమిర్చి డబ్బాలో పెడితే ఉప్మాకి కావలసింది నీళ్లూ, ఓపికా. అమ్మకి ఒక్క పూట వదిలాం, ఏది కావాలంటే అది. బుధవారం మధ్యాహ్నం పప్పుచారు అంది వెంటనే.

దీంతో మిక్సీ దిగిపోయింది, ఇడ్లీ రేకులు దిగిపోయాయి. బియ్యం రెండు కిలోలయింది. కుక్కర్ ఉండాల్సిందే అని అమ్మ పట్టుపట్టింది. దానికి ఫ్రిజ్ మీద మాగ్నెట్ తీసి అడుగున పెట్టి చూపించా. అతుక్కోలేదు. అల్యూమినియం గిన్నె ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు, అడుగున మాగ్నెట్ అతుక్కునే లోహం ఉండాలి. ఏ ఊరు వెళ్తున్నా, అక్కడ ఎలాంటి స్టవ్ ఉంటుందో తెలియకపోతే ఈ పరీక్ష చేసుకోండి. పది సెకన్ల పని, మూడు కిలోల బరువు తగ్గుతుంది. వదిన స్టీల్ కుక్కర్‌కి అతుక్కుంది. అది బ్యాగెక్కింది.

పనికొచ్చిన సంగతులు ఇంకో రెండు. రిసార్టులోకి పొద్దున్నే వెళ్లొచ్చు గానీ ఇల్లు చేతికొచ్చేది మధ్యాహ్నం దాటాకే. కాబట్టి ఈత బట్టలు, పూల్‌కి వేరే తువ్వాళ్లు, పిల్లాడి తిండి, మాత్రలు ఒక చిన్న బ్యాగులో విడిగా పెట్టుకోవాలి. డిక్కీ అడుగున పడ్డాయంటే ఇక అంతే. రెండోది, అక్టోబరులో ఇక్కడ సాయంత్రం ఆరు దాటితే చీకటే, అడవిలో ఇంకా చిక్కగా ఉంటుంది. టార్చి, తడిసినా ఫర్వాలేదనుకునే బూట్లు కావాలి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తీసి, ఫ్యాన్ వేసుకోవాలి. ఎండుమిర్చి పొగకి అలారం మోగితే అందులో మన తప్పూ లేదు, దాని తప్పూ లేదు.

బ్యాగులో చోటు మిగిలింది. అప్పుడు వదిన మళ్లీ అడిగింది, "అత్తయ్యా, ఇప్పుడు మీకోసం ఏం పెడదాం?"

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అక్కడ సైకిళ్లుంటాయన్నారు కదా" అంది, మా వైపు చూడకుండా.

అమ్మ కాలేజీకి సైకిల్ మీదే వెళ్లేదట, కాలవ గట్టు మీద, రోజూ. పెళ్లయ్యాక మళ్లీ ఎక్కలేదు. ఈ సంగతి నాకు ఇరవై ఎనిమిదో ఏట, ఒక ప్యాకింగ్ లిస్టు వల్ల తెలిసింది. నాన్నకి తెలుసట. "బాగా తొక్కేది" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా. వదిన ఆ సాయంత్రమే అమ్మని బెల్‌గ్రేవ్ రోడ్డుకి తీసుకెళ్లింది. గుజరాతీ షాపులుండే వీధి అది. రెండు చుడీదార్లు కొన్నారు, ఇంకో షాపులో బూట్లు. మిక్సీ పట్టే జాగాలో అవి సరిగ్గా పట్టాయి.

అక్కడికెళ్లాక అంతా సినిమాలోలా జరగలేదు. మొదటిరోజు అమ్మ సైకిల్ ఎక్కి పది గజాల్లో దిగిపోయింది. నాన్న ఉప్మా మొదటి పూట జావలా ఉంది, రెండో పూట ఫర్వాలేదు, మూడో పూట అమ్మ ఇంకాస్త పెట్టమంది. మాత్రల డబ్బా ఆయన జేబులోకి చేరింది. మంగళవారం ఒక మాత్ర మింగడం మర్చిపోతే ఎప్పటిలానే అమ్మే గుర్తుచేసింది. అన్నయ్య వండుతుంటే అమ్మ రెండుసార్లు లేచి వెళ్లి ఉప్పు చూసింది. అలవాట్లు నాలుగు రోజుల్లో పోవు. కానీ గురువారం మధ్యాహ్నం మేమంతా పూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. ఫోన్ టేబుల్ మీదే ఉంది. కంగారుపడి బయటికి పరిగెత్తబోతుంటే, చెట్ల మధ్య దారిలోంచి బెల్లు కొట్టుకుంటూ వచ్చింది, చెంపలు ఎర్రబడి.

మీరు అరకు వెళ్లినా, మారేడుమిల్లి వెళ్లినా, ఊరవతల ఫామ్‌హౌస్‌లో రెండు రోజులున్నా లిస్టు ఎలాగూ రాస్తారు. ఆ నాలుగో కాలమ్ కూడా పెట్టి చూడండి. ఎవరి పేరు ఎక్కువసార్లు వస్తోందో, వాళ్లకి ఆ ట్రిప్‌లో సెలవు లేదన్నమాట.

మా షీట్ ఇంకా గ్రూపులోనే ఉంది. తిరిగొచ్చిన మర్నాడు దాంట్లో 59వ వరస చేరింది. వస్తువు: చేతి గ్లౌజులు, సైకిల్ మీద చలేస్తోంది. ఎవరు తెస్తారు: చిన్నోడు. ఎవరు వాడతారు: నేను.