కేరాఫ్ శెట్టిగారి అంగడి

ఉర్దూలో 'పతా' అంటే చిరునామా. 'పతా హై' అంటే తెలుసు అని. రెండింటికీ ఒకటే లఫ్జ్. కడపలో అమ్మీ ఉండే ఇంటికి ఇంటర్నెట్ పతా ఒకటి ఉంది. అది ఎప్పుడు మారుతుందో మాలో ఎవరికీ పతా ఉండేది కాదు.

ఆ ఇంట్లో బీరువా పక్కన అరచేతిలో పట్టేంత కంప్యూటర్ ఉంది. రాస్‌బెర్రీ పై అంటారు. దానికి తగిలించిన హార్డ్ డిస్క్‌లో మా ఖాందాన్ క్యాసెట్లున్నాయి. కువైత్‌కు మనుషుల్ని పంపిన ఇళ్లకు ఈ క్యాసెట్ల సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. ఖత్ రాయడం రానివాళ్లు, రాసినా దిల్ నిండనివాళ్లు టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడేవాళ్లు. ఛుట్టీకి వచ్చి తిరిగి పోతున్న మనిషి సంచీలో ఆ క్యాసెట్ పెట్టి పంపేవాళ్లు. మామూ అక్కణ్ణుంచి పంపినవి, నానీ ఇక్కడ మాట్లాడినవి కలిపి ముప్పై ఏడు మిగిలాయి. నానీ దగ్గు, వెనక ఎవరిదో పసిపిల్ల ఏడుపు, దూరంగా రైలు కూత. "ఇక్కడ అంతా ఖైరియత్, ఫికర్ పెట్టుకోవద్దు" అంటూ మామూ ఒకచోట ఆగిపోతాడు. మాట ఆగినా టేపు తిరుగుతూనే ఉంటుంది.

వీటిని ఫైళ్లుగా మార్చాక ఏదో ఒక కంపెనీ క్లౌడ్‌లో పెడదామన్నాను. అమ్మీ ఒప్పుకోలేదు. "హమారీ ఆవాజాఁ పరాయోఁకే ఘర్ మే కైకూ రే?" అంది. మన గొంతులు పరాయివాళ్లింట్లో ఎందుకని. నిజమే. అందులో ఇప్పుడు లేనివాళ్ల గొంతులున్నాయి, పర్దాలో బతికిన ఆడవాళ్ల గొంతులున్నాయి. వాళ్ల తరఫున ఇజాజత్ ఎవరివ్వాలి? అందుకే ఇంట్లోనే ఉంచాం. కువైత్‌లో ఆపా, బెంగళూరులో నేను ఆ ఇంటి నుంచే వినాలి.

తక్లీఫ్ అక్కడ మొదలైంది. నాలుగు రోజులు బాగా నడిచేది. కరెంటు పోయి వచ్చి రౌటర్ మళ్లీ వెలిగేసరికి ఆపా నుంచి మెసేజ్: "నై ఖుల్రా." తెరుచుకోవట్లేదు. ఆపాకు ఛుట్టీ జుమ్మా ఒక్కరోజే. నానీ బర్సీ నాడు కూడా ఇలాగే అయింది. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, నానీ గొంతు వినిపిస్తానని చెప్పి, ఖాళీ స్క్రీన్ చూసుకుంటూ కూర్చుంది.

అసలు ఆ నంబరు ఎందుకు మారుతుంది? ఐపీ అడ్రస్ పాత పద్ధతిలో, అంటే ఐపీవీ4లో, మొత్తం సుమారు 430 కోట్ల నంబర్లే ఉన్నాయి. దునియా మొత్తానికి పంచే ఖజానా 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, మన ఆసియా ప్రాంతానికి నంబర్లు పంచే ఏపీనిక్ కూడా చివరి మూటకు చేరి, రేషన్ ఇచ్చినట్టు కొంచెం కొంచెంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే కనెక్షన్ ఇచ్చేవాళ్లు మన ఇంటికి ఒక నంబరును సొంతానికి రాసివ్వరు. కొన్నాళ్లు వాడుకోమని ఇస్తారు. సాంకేతిక భాషలోనూ దీన్ని లీజు అనే అంటారు.

కిరాయి ఇళ్ల హాల్ మాకు కొత్త కాదు. అబ్బా పదకొండేళ్లలో ఐదిళ్లు మార్చాడు. ఒకచోట ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరింది. ఒకచోట కిరాయి పెంచారు. ఇంకోచోట అడ్వాన్సు చేతిలో పెట్టబోతుంటే పేరు అడిగి, విని, "ఇల్లు వేరేవాళ్లకు మాటైపోయింది" అన్నారు. ఇన్ని మారినా మామూ రాసిన ఖత్ ఒక్కటీ దారి తప్పలేదు. కవరు మీద మా ఇంటి నంబరు ఎప్పుడూ ఉండేది కాదు. అబ్బా పేరు, దాని కింద 'కేరాఫ్ శెట్టిగారి అంగడి' అని మాత్రం ఉండేది. ఇల్లు మారిన రోజే, సామాన్లు ఇంకా బండి మీద ఉండగానే, అబ్బా సైకిలేసుకుని అంగడికి పోయేవాడు. "శెట్టిగారూ, ఇప్పుడు ఫలానా సందులో ఉంటున్నాం" అని చెప్పి వచ్చేవాడు. పోస్ట్‌మ్యాన్ అంగడి దగ్గర అడిగి నేరుగా మా గడప దగ్గరికి వచ్చేవాడు.

డైనమిక్ డీఎన్ఎస్ చేసే పని ఇదే. పేరు చెబితే నంబరు చెప్పే డీఎన్ఎస్ అనే ఏర్పాటును 1983లో పాల్ మోకపెట్రిస్ తయారుచేశాడు. అది శెట్టిగారి అంగడి లాంటిది. మన ఇంట్లో కూర్చుని "నా నంబరు మారింది" అని ఖబర్ ఇచ్చే చిన్న ప్రోగ్రాం క్లయింట్. అది అబ్బా. శెట్టిగారు మమ్మల్ని వెతుక్కుంటూ ఎప్పుడూ రాలేదు. ఇల్లు మారినవాళ్లే పోయి చెప్పాలి.

చేసే తరీకా చెబుతాను. ముందు ఒకటి చూసుకోండి. రౌటర్ పేజీలో వ్యాన్ అనే చోట కనిపించే నంబరు, 'నా ఐపీ ఎంత' అని వెతికితే ఏదైనా వెబ్‌సైట్ చూపించే నంబరు ఒకటేనా? రౌటర్‌లో ఉన్నది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, ఎన్నో ఇళ్లకు కలిపి బయట ఒకే పతా ఇచ్చారని అర్థం. అపార్ట్‌మెంట్ పేరు తెలిసినా ఏ తలుపు కొట్టాలో వాచ్‌మ్యాన్‌కు తెలియనట్టు ఉంటుంది. అప్పుడు ఈ క్లయింట్ పెట్టుకున్నా ఫాయిదా లేదు. పబ్లిక్ ఐపీ ఇవ్వమని కనెక్షన్ వాళ్లను అడగాలి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి వేరే రాస్తా చూసుకోవాలి. మా ఇంట్లో రెండు నంబర్లూ ఒకటే ఉన్నాయి.

తర్వాత డక్‌డీఎన్ఎస్ అనే ఉచిత సర్వీసులో ఒక పేరు తీసుకున్నాం. పేరు బయటికి తెలిసేదే కాబట్టి అందులో ఖాందాన్ పేరు, ఊరి పేరు రానివ్వలేదు. పేరుతో పాటు టోకెన్ అనే పొడవాటి అక్షరాల వరుస ఇస్తారు. అది చాబీ. అది ఎవరి చేతికైనా చిక్కితే శెట్టిగారికి తప్పుడు పతా చెప్పగలరు. ఆపా మన ఇల్లే అనుకుని ఇంకెవరి తలుపో కొడుతుంది. అందుకే దాన్ని వాట్సాప్‌లో ఎవరికీ పంపలేదు.

క్లయింట్‌గా డీడీక్లయింట్ పెట్టాం. దాని సెట్టింగుల ఫైలులో సర్వీసు ఏది, పేరేమిటి, టోకెన్ ఏమిటి, ఎంతసేపటికి ఒకసారి చూడాలి అనేవి రాస్తే చాలు. మేం 300 సెకన్లు పెట్టాం, అంటే ఐదు నిమిషాలు. ఆ ఫైలును దాని యజమాని తప్ప వేరే యూజర్లు చదవకుండా పర్మిషన్ బిగించాలి. ముందటిసారి చెప్పిన నంబరు దానికి గుర్తుంటుంది, మారితేనే మళ్లీ చెబుతుంది. మారకపోయినా మాటిమాటికీ పోయి చెబితే కొన్ని సర్వీసులు విసుగొచ్చి ఆపేస్తాయి.

ఇంకో రెండు పనులున్నాయి. ఇంటి లోపల ఆ చిన్న కంప్యూటర్‌కు రౌటర్ ఎప్పుడూ ఒకటే లోపలి నంబరు ఇచ్చేలా కట్టేయాలి. బయటి నుంచి ఒక్క దర్వాజా మాత్రం, అంటే ఒక్క పోర్టు, దాని వైపు తెరవాలి. దానికి హెచ్‌టీటీపీఎస్, గట్టి పాస్‌వర్డ్ ఉండాలి. రౌటర్ అడ్మిన్ పేజీని, కెమెరాలను బయటికి ఎప్పుడూ తెరవకండి.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చినా కొద్ది నిమిషాల్లో పేరు కొత్త నంబరుకు తిరుగుతుంది. ఆపాకు ఇవేవీ తెలియవు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. తనకు గుర్తుండాల్సింది పేరొక్కటే.

ఉచితంగా దొరికేది ఎప్పటికీ ఉచితంగా ఉంటుందని గ్యారంటీ లేదు. ఒకప్పుడు అందరూ వాడిన డిన్ సంస్థ 2014లో ఉచిత సేవ ఆపేసింది. శెట్టిగారూ ఏదో ఒకరోజు అంగడి మూసేస్తారు కదా. అందుకని పేరు, టోకెన్, ఫైలు ఎక్కడుంది, సర్వీసు మార్చాల్సి వస్తే ఏం చేయాలి అనేవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, అమ్మీ బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాం. ఇంటర్ చదువుతున్న మేనల్లుడు నెలకొకసారి లాగ్ చూస్తాడు. వాడు నానీని చూడలేదు. లాగ్ చూడ్డానికి కూర్చున్నవాడు ఒక్కోసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటసేపు లేవడు. అమ్మీ వాణ్ణి అన్నానికి పిలవదు, విననిస్తుంది.