పీపా మీద పేరు

గోవా వెళ్ళొచ్చిన చుట్టాల సంచిలోంచి ఒక సీసా బయటికొస్తుంది. చీటీ మీద 'పోర్ట్ వైన్' అని ఉంటుంది. లోపలున్నది చక్కెర నీళ్ళలా తియ్యగా ఉండే ఎర్ర వైన్. పోర్చుగల్‌లోని ఏ కొండకూ, ఏ తోటకూ దానితో సంబంధం లేదు. ఇక మన ఊళ్ళలో బ్రాందీ, విస్కీ అమ్మే ప్రతి దుకాణం నుదుటా 'వైన్స్' అనే బోర్డే. పేరు పోతే పోయిందిలే అనుకోవడానికి మనసొప్పదు. మన దేశపు భౌగోళిక గుర్తింపుల పట్టికలో పోచంపల్లి ఇకత్, తిరుపతి లడ్డూ ఉన్నట్టే 'పోర్టో', 'దోరు' అనే రెండు పోర్చుగీసు పేర్లు కూడా నమోదై ఉన్నాయి. పోచంపల్లి పేరుతో మరెక్కడి బట్టో అమ్మితే నేతగాడికి ఎంత మంటో, పోర్ట్ ద్రాక్ష పండించే దోరు లోయ రైతుకూ అంతే.

తెలుగువాళ్ళకు ఆ లోయతో ఒక చుట్టరికం మాటలో ఉంది. 'పీపా' మనకు పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. మనం అందులో నీళ్ళు, నూనె, తారు నింపుకున్నాం. వాళ్ళకది ఈనాటికీ వైన్ కొలత. దోరు లోయలో ఒక పీపా అంటే 550 లీటర్లు. 'మేస్త్రీ' కూడా అదే ఓడ దిగిన మాట. ఈ వైన్ కథంతా నిజానికి పీపాలకూ మేస్త్రీలకూ నడుమ నడిచిందే. పీపాల వాళ్ళకు పేరొచ్చింది. గోడలు కట్టిన మేస్త్రీలను తలుచుకున్నవాళ్ళు తక్కువ.

దోరు నది స్పెయిన్‌లో పుట్టి, పడమటికి పారి, పోర్టో నగరం దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. ద్రాక్ష పండేది పోర్టోలో కాదు. అక్కడికి వంద కిలోమీటర్ల ఎగువన, మరావ్ కొండల వెనక. సముద్రం మీది వానను ఆ కొండలు ఆపేస్తాయి. తొమ్మిది నెలల చలి, మూడు నెలల నరకం అని అక్కడి సామెత. నేల అంటే మట్టి కాదు, షిస్టు. చిన్నప్పుడు మనం దిద్దుకున్న పలక జాతి రాయి. దాని పొరల సందుల్లోంచి తీగ వేళ్ళు నీటి కోసం లోలోపలికి దిగుతాయి. ఆ కొండ వాలును పగలగొట్టి, వచ్చిన రాయితోనే సున్నం, మట్టి లేకుండా గోడలు పేర్చి, మెట్లు మెట్లుగా తోటలు వేశారు. ఆ పనికి ఉత్తరాన ఉన్న గలీసియా నుంచి కూలీలు గుంపులుగా వచ్చేవారు. 2001లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవంలో పెద్ద వాటా ఆ గోడలదే.

పోర్ట్ అనే ఈ పేరుకు మొదట కాపలా పెట్టినవాడు అప్పట్లో పోర్చుగల్‌ను నడిపిన మంత్రి పొంబాల్ మార్క్విస్. పద్దెనిమిదో శతాబ్దం నడిమికి ఇంగ్లండులో పోర్ట్ ధర పడిపోయింది. రంగు కోసం రైతులు ఎల్డర్‌బెర్రీ రసం కలుపుతున్నారని పోర్టోలోని ఇంగ్లీషు వర్తకులు అన్నారు. ఆ తప్పు నేర్పింది వర్తకులేనని రైతులన్నారు. 1756లో పొంబాల్ ఒక కంపెనీని పెట్టి, పోర్ట్ ఎక్కడి ద్రాక్షతో చెయ్యాలో గీత గీయించాడు. గీత వెంట గ్రానైటు రాళ్ళు పాతించాడు. అవి చివరికి 335 అయ్యాయి. కొన్ని ఇప్పటికీ తోటల్లో నిలబడి ఉన్నాయి. ఎల్డర్‌బెర్రీ చెట్లను వేళ్ళతో పీకించాడు. మరుసటి ఏడు పోర్టోలో జనం కంపెనీ మీద తిరగబడితే పలువురిని ఉరి తీయించాడు. మనిషి కఠినుడు. ఆ గీత మాత్రం ప్రపంచంలో ఒక వైన్ కోసం గీసిన అతి పాత సరిహద్దుల్లో ఒకటి.

అంత కట్టుదిట్టం చేసినా సీసా మీద ఆ లోయ పేరు రాలేదు. ద్రాక్షను కొండమీద తొక్కేవారు. తయారైన వైన్ వసంతంలో రబేలో పడవలెక్కి నది దిగి, పోర్టోకు ఎదురు గట్టున ఉన్న విలా నోవా ద గాయాలోని వర్తకుల గిడ్డంగులకు చేరేది. అక్కడ కలిపి, మాగబెట్టి, టేలర్ అనో, గ్రాహమ్ అనో, వారే అనో పేరు వేసి ఓడ ఎక్కించేవారు. రైతు పేరు పీపా ఖాళీ అవడంతోనే పోయేది. 1926లో దీన్ని చట్టమే చేశారు. 1986 దాకా గాయా గడప తొక్కకుండా పోర్ట్ దేశం దాటడానికి వీల్లేదు. పండించినవాడు తన సరుకును తన తోటలోనే సీసాకెత్తి పరదేశానికి పంపుకోలేకపోవడం అన్యాయం కాక మరేమిటి? వర్తకుల వైపు నుంచి చెప్పాల్సింది కూడా ఉంది. స్కాట్లండు నుంచి 1882లో వచ్చినవాడి వారసులైన సిమింగ్టన్లు ఇప్పుడు దోరులోనే అతి పెద్ద తోటల యజమానుల్లో ఒకరు. గాయా చల్లదనం వైన్ నిదానంగా మాగడానికి మేలు చేసిందన్నదీ నిజమే. అయినా అరవై ఏళ్ళ ఆ చట్టాన్ని సమర్థించడానికి నోరు రాదు.

పోర్ట్ తయారీ సూత్రం చిన్నది, చేతలో పెట్టడం కష్టం. వెడల్పాటి గ్రానైటు తొట్టిలో ద్రాక్ష పోసి, మనుషులు భుజం భుజం కలిపి వరసగా నిలబడి, అడుగులో అడుగు వేస్తూ తొక్కుతారు. గింజ నలగకూడదు, తొక్కలోని రంగంతా దిగాలి. మనిషి పాదం కన్నా మెత్తటి యంత్రం ఇంకా దొరకలేదని కొన్ని తోటలు ఇప్పటికీ ఆ పద్ధతినే పాటిస్తున్నాయి. పులిసే రసంలో తీపి సగం మిగిలి ఉండగానే 77 శాతం బలమున్న ద్రాక్ష సారా కలుపుతారు. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి నిలిచిపోతుంది. లెక్క ప్రకారం 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా కలిస్తే పీపా నిండుతుంది.

ఈ సారా కలపడం మీదే గొంతెత్తిన మనిషి జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్. 1831లో పోర్టోకు వచ్చిన ఇంగ్లీషువాడు. వర్తకుల కుటుంబంలో పుట్టి కూడా రైతుల వైపు చూశాడు. పడవలో నదంతా తిరిగి దోరుకు వివరమైన పటం గీశాడు. 1844లో ఒక కరపత్రం వేసి, ఈ లోయ ద్రాక్షకు సారా దన్ను అక్కర్లేదనీ, సహజంగా పులియనిస్తే గొప్ప ఎర్ర వైన్ అవుతుందనీ వాదించాడు. తోటి వర్తకులు అతనిపై మండిపడ్డారు. పోర్చుగల్ మాత్రం అతన్ని బారన్ చేసింది.

ఫారెస్టర్ కథ దోనా అంతోనియా అదెలైద్ ఫెరైరా కథతో ముడిపడిపోయింది. ఆమె దగ్గర కాసేపు ఆగక తప్పదు. 1811లో ఆ లోయలోని రేగ్వా పక్కన పుట్టింది. ముప్పై మూడేళ్ళకు భర్త పోయాడు. ఖర్చుమనిషి వదిలిన ఆస్తిని చేతిలోకి తీసుకుని, అరవై ఏళ్ళు కాకుండానే ఆ లోయకు పెద్దదిక్కయింది. సల్దాన్యా ప్రభువు ఆమె చిన్నారి కూతుర్ని తన కొడుక్కి కట్టబెట్టాలని మనుషుల్ని పంపితే, బిడ్డను తీసుకుని లండన్ వెళ్ళిపోయింది గానీ తల వంచలేదు. ధర పడిపోయిన ఏళ్ళలో రైతుల సరుకును తనే కొన్నది. జనం ఆమెను ఫెరైరిన్యా అన్నారు. మన నోటిలో అది 'ఫెరైరమ్మ' లాంటి పిలుపు. 1861 మే 12న ఆమె, ఫారెస్టర్ ఒకే పడవలో వలైరా సుడుల దగ్గరికి వచ్చారు. పడవ తిరగబడింది. గంటలా ఉబ్బిన ఆమె పావడా నీటిమీద తేలడం వల్ల బతికిందనీ, నడుముకు కట్టుకున్న డబ్బు బరువుకు ఫారెస్టర్ మునిగిపోయాడనీ లోయలో చెప్పుకుంటారు. అతని శవం దొరకలేదు. ఆమె మరో ముప్పై అయిదేళ్ళు బతికింది. ఆ ఏళ్ళలోనే ఫిలాక్సెరా పురుగు తీగల వేళ్ళు తినేసి మెట్లకు మెట్లే పాడుబెట్టింది. చచ్చిన మెట్లను అక్కడ 'మోర్తోరియు' అంటారు, చాలావాటిలో ఇప్పటికీ పొదలే. అందరూ దిగాలుగా చూస్తున్న ఆ రోజుల్లో, 1877లో, ఆమె ఎక్కడో తూర్పు కొసన బీడు కొని కొత్త తోట వేయించింది. అదే కింతా దు వాలె మెయాం. 1896లో చనిపోయేనాటికి ఆమె చేతిలో ఇరవైకి పైగా తోటలున్నాయి.

ఫారెస్టర్ వాదన నెగ్గింది ఆ తోటలోనే. ఫెరైరా కంపెనీలో పోర్ట్ రుచులు చూసే ఫెర్నాందు నికొలావ్ ద అల్మైదా ఫ్రాన్స్‌లోని బోర్దో వెళ్ళొచ్చి, సారా లేని ఎర్ర వైన్ చెయ్యాలని పట్టుబట్టాడు. ఆ తోటలో కరెంటు లేదు. ఎండకు పులిసే రసం మరిగిపోతుంది. పోర్టో తీరంలోని మతొజిన్యూష్ నుంచి మంచుగడ్డలు రంపపు పొట్టులో చుట్టి కొండల మీదుగా తెప్పించాడు. అలా 1952లో పుట్టింది బార్కా వెల్యా. అంటే 'పాత పడవ'. బాగా కుదిరిన ఏడుకే ఆ పేరు వేస్తారు. ఇన్నేళ్ళలో అది దక్కింది సుమారు ఇరవై సార్లే. అతని కొడుకు జువావ్ మేనమామతో కలిసి లోయలోని ద్రాక్ష రకాలను పరీక్షించి, టొరీగా నస్యొనాల్ లాంటి అయిదింటిని ఏరి చూపించాడు. ఇప్పుడు దోరు ఎర్ర వైన్లు చాలావరకు వాటి చుట్టూనే నడుస్తున్నాయి.

ఈ కథలో ఇంకో మలుపు ఉంది. బార్కా వెల్యాకు ద్రాక్ష ఇచ్చిన వాలె మెయాం పేరు దశాబ్దాల పాటు సీసా మీద లేదు. దోనా అంతోనియా వారసుల్లో ఒకరు తోటలోని వాటాలన్నీ కొని, ద్రాక్ష అమ్మడం ఆపి, 1999 పంటతో మొదటిసారి ఆ తోట పేరే చీటీ మీద వేశారు.

పోర్టో వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక మనవి. గాయా గిడ్డంగుల్లో ఒక గ్లాసు పుచ్చుకుని వెనక్కి రాకండి. పొసిన్యూ దాకా వెళ్ళే రైలెక్కండి, మూడు గంటలకు పైగా పడుతుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే నది మీ పక్కనే వస్తుంది. ఆనకట్ట కట్టాక వలైరా సుడులు నిలవ నీటి కింద పడుకున్నాయి. అక్కడ ఫెర్రదోజా వంతెన దాటగానే రైలు దక్షిణపు గట్టుకు మారుతుంది, మీరు ఎడమ కిటికీకి మారండి. చివరి స్టేషన్‌లో దిగితే వాలె మెయాం దగ్గర్లోనే ఉంటుంది.