పట్నములో అంబటిపొద్దు భోజనము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు పల్లెలలో గడియారములు రాకపూర్వము దినమును గంటలతో గాక తిండితో కొలిచెడివారు. చద్దివేళ, అంబటిపొద్దు అను మాటలు నేటికిని వృద్ధుల నోట వినవచ్చుచున్నవి. అంబటిపొద్దనగా అంబలి త్రాగు వేళ. ప్రొద్దు బారెడెక్కియు నడినెత్తికి రాని సమయము. ఇప్పటి లెక్కలో తొమ్మిది, పది గంటలగును. తెల్లవారక మునుపే లేచి, వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, పాలు పితికి, పొలమునకు పోయి ఒక మడి కలుపు తీసిన స్త్రీ, గట్టుమీద కూర్చుండి జొన్నంబలిని ఉల్లిగడ్డతో, పచ్చిమిరపకాయతో త్రాగెడి వేళ అది.

ఇంగ్లీషువారికిని ఈ వేళకు ఒక భోజనము కలదు. దానిని బ్రంచి యందురు. ఉదయపు ఫలాహారమునకును మధ్యాహ్న భోజనమునకును వారి భాషలో గల రెండు పేర్లను విరిచి అతికిన మాట యిది. 1895లో గై బెరింజరు అను ఆంగ్ల రచయిత ఆదివారమునాడు పెందలకడ లేవనక్కరలేకుండ ఈ భోజనమును అలవాటు చేసికొనవలెనని ఒక వ్యాసము వ్రాసెను. శనివారము రాత్రి విందు వినోదములతో మేలుకొన్న వారికి ఇది మిక్కిలి హితమని ఆయన వాదము. ఆలస్యముగా లేచినవారి కొరకు వారు కల్పించుకొన్నదే, అందరికంటె ముందు లేచినవారి కొరకు మనకు ఏనాటినుండియో కలదు. ఈ సంగతి నాకు హైదరాబాదులో ఒక థాయి వంటల భోజనశాలలో కూర్చుండినపుడు తట్టినది. సోదరీమణులకు ఆ భోజనమును గూర్చి చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా చెల్లెలి కూతురు పట్నములో ఉద్యోగము చేయుచున్నది. మనవైపు పట్నమన్న హైదరాబాదే గదా! ఆదివారము ఆ పిల్లను చూచి రావలెనని శనివారము మేము ముగ్గురము బయలుదేరితిమి. మా పెద్ద వదినెగారు మిర్యాలగూడనుండి హుజూర్‌నగరు మీదుగా ముందునాడే కోదాడకు, మా యింటికి, వచ్చిరి. సూర్యాపేటలో చెల్లెలు కలిసినది. కోదాడకును సూర్యాపేటకును నడుమ దూరము సుమారు 45 కిలోమీటర్లు. ఈ రెండూళ్లును విజయవాడ రహదారి మీదనే యున్నవి గనుక, హోటళ్లకు కొదువ లేదు. బస్సు ఆగినంతనే పురుషులు దిగి ఇడ్డెనులు, పూరీలు తెప్పించుకొని నెమ్మదిగా తిందురు. స్త్రీల సంగతి వేరు. ఒక కన్ను బిడ్డ మీద, ఒక కన్ను సామాను మీద, చెవి బస్సు కూత మీద నుంచి, టీ ఊదుకొని త్రాగుటయే వారికి భోజనము. ఈ రహదారిపై ఎన్నియోసార్లు ప్రయాణము చేసియు, మా వదినెగారు హోటలులో కూర్చుండి తృప్తిగా తినుట నేను చూచి యెరుగను.

మరునాడు ప్రొద్దున పదిగంటలకు ఆ పిల్ల మమ్మందరిని ఒక భోజనశాలకు తీసికొని పోయినది. అది పూర్తిగా థాయివారి హోటలు కాదు. కాఫీయు, కాల్చిన రొట్టెయు, గ్రుడ్లట్టును దొరకును. కాని అట్టులో మిరపకాయలు వేసి వేడియన్నము మీద పరచియిత్తురు, రొట్టెతో కొబ్బరిపాలు, గ్రుడ్డు, చక్కెర కలిపి కాచిన చిక్కని లేహ్యము పెట్టుదురు. బల్లలు, దీపములు, గోడమీది చిత్రములు ఇట్టిచోట్ల ఎట్లుండునో అట్లే యున్నవి. నన్ను ఆకర్షించినది లోపలినుండి వినవచ్చుచున్న చప్పుడు. ఎవరో రోటిలో దంచుచున్నారు!

ఆ చప్పుడు వినగనే వదినెగారి ముఖము వికసించినది. అచట దంచుచున్నది పచ్చిబొప్పాయి. దానిని సోంతాం అందురు. థాయి భాషలో ఆ పేరునకు పుల్లగా దంచినదని యర్థమట. వెల్లుల్లిని, మిరపకాయలను ముందు నలుగగొట్టి, అలచందకాయ ముక్కలు, టమాటాలు, సన్నగా చీరిన పచ్చిబొప్పాయి చేర్చి, తాటిబెల్లము, నిమ్మరసము పోసి, వేయించిన వేరుసెనగపప్పు చల్లి, మెత్తబడకుండ తేలికగా దంచుదురు. మసాలా నూరుటకు వారు రాతిరోలును వాడుదురు. దీనికి మాత్రము మట్టిరోలు, కొయ్యరోకలి. ఇది మన రోటిపచ్చడికి సవతి చెల్లెలు కాదు, తోబుట్టువే యనవచ్చును.

ఈ పోలిక కేవలము రోటితో ఆగిపోదు. మిరపకాయ మనదియు కాదు, వారిదియు కాదు. అమెరికా ఖండమునుండి 16వ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడల వెంట తూర్పుదేశములకు వచ్చినది. అంతకుముందు ఇరువురకును కారమనగా మిరియమే. క్రొత్తగా వచ్చిన కాయకు మనము మిరియమును బట్టి మిరపయని పేరు పెట్టుకొంటిమి. వారును మిరియపు పేరునే కాయకిచ్చి, అసలు మిరియమును థాయి మిరియమని పిలువసాగిరి. మిర్యాలగూడ పేరులోనే మిరియమున్నది గనుక ఆ దేశముతో తమకే దగ్గరి చుట్టరికమని వదినెగారు పరిహాసమాడిరి.

శాకాహారిణులగు సోదరీమణులకు ఇచట ఒక హెచ్చరిక. థాయి వంటలలో ఉప్పునకు బదులు చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన రసమును పోయుదురు. కూరగాయల వంటకమని పట్టికలో వ్రాసియున్నను, ఆ రసమో, రొయ్యల ముద్దయో అందులో ఉండవచ్చును. తెచ్చినపిదప విచారించుట వ్యర్థము, చెప్పునపుడే అడుగవలెను. మా పిల్ల అడిగి, వదినెగారి కొరకు ఉప్పుతోనే వేరుగా చేయించినది. మరియొక సంగతి: వారు తులసియాకును మాంసముతో వేయించుదురు. కోటలో పెట్టి పూజించు ఆకును బాణలిలో చూచుట మన గృహిణులకు కొంచెము కష్టమే. నాకును మనసొప్పలేదు.

తరువాత ఎవరి గిన్నె వారికి వేడిగా బియ్యపుజావ వచ్చినది. అల్లము, వెల్లుల్లి వేపుడు, కొత్తిమీర పైన చల్లియున్నవి. థాయి దేశమున ఉదయమున దీనిని ఇంటింటను త్రాగుదురు. రోగికిని ఇదియే పథ్యము. వదినెగారు తమ గిన్నెను చూచి, గరిటె తీసికొని, అందులోనిది మా గిన్నెలలోనికి పంచుటకు మొదలిడిరి. మూడవ గరిటె ఎత్తునంతలో పిల్ల చేయి పట్టుకొని, "అత్తమ్మా, నువ్వు తిను" అన్నది. "మీరందరు తిన్నంక తింటలే బిడ్డా" అని ఆమె అలవాటు చొప్పున సమాధానము చెప్పిరి. "ఈడ తర్వాత తినెటోళ్లు లేరు అత్తమ్మా. సల్లారిపోతది."

ఇది చిన్నమాటయే. కాని మా వదినెగారు కాపురమునకు వచ్చి ముప్పదియేండ్లు దాటినవి. మామగారు, అత్తగారు, భర్త, మరదులు, పిల్లలు, పాలేర్లు తినిన పిదప గిన్నె అడుగున మిగిలినదానిని చల్లారిన తరువాత తినుట వారికి భోజనమని పేరు. ఎవ్వరును వారిని ఆకలితో నుంచలేదు. ధాన్యము లేని యిల్లును కాదు. అయినను పొయ్యిమీదినుండి దించిన అన్నమును దించిన వెంటనే తినిన దినము లెన్నియని యడిగినచో, పురిటి దినములు మాత్రమే చెప్పగలరు. ఆనాడు జావ పొగలు క్రక్కుచుండగా, నాలుక కాలునేమోయని ఊదుకొనుచు, గిన్నె ఖాళీయగువరకు తినిరి. మేము మాటలాడక చూచుచుంటిమి. అంతలో వారే తలయెత్తి, "అన్నమే గదా ఇది!" అనిరి.

అన్నమే. అందులోను ఈ అన్నమునకొక కథ యున్నది. మిర్యాలగూడ చుట్టును గల మిల్లులలో ఆడు సన్నబియ్యమునకు, మనము బీపీటీయని పిలుచు సాంబమసూరికి, పుట్టినిల్లు బాపట్ల పరిశోధనా క్షేత్రము, 1986లో విడుదలైనది. దాని పూర్వికులలో మసూరి యొకటి. ఒరిస్సాలోని కటకమునందు 1950 తరువాత ఆరంభమైన వరి సంకర ప్రయత్నముల ఫలముగా, 1965లో మలేషియాలో ఆ మసూరి విడుదలయ్యెను. మసూరియనగా ఎవరో తెలియునా? ఆ దేశపు లంకావి ద్వీపమున ప్రసిద్ధమైన కథలోని స్త్రీ. భర్త యుద్ధమునకు పోయియుండగా, ఓర్వలేనివారు ఆమెపై నింద మోపి చంపించిరట. నిర్దోషియనుటకు గుర్తుగా తెల్లని రక్తము స్రవించినదట. ఏడు తరములవరకు ఆ ద్వీపము బాగుపడకుండునని ఆమె శపించినదట. ఆమె తలిదండ్రులు పుకెట్టునుండి, అనగా నేటి థాయిలాండునుండి, వచ్చినవారని అచటివారు చెప్పుదురు. మన యిండ్లలో నిత్యము ఉడుకుచున్న బియ్యమునకు ఆ యిల్లాలి పేరే నిలిచియున్నది. ఈ కథ చెప్పగా వదినెగారు చాలసేపు మాటలాడక, "మా మిల్లులల్ల ఎవ్వరికి తెల్వదు" అని మాత్రమనిరి.

ఇంతటి వరి మనకును క్రొత్తదియే. నాగార్జునసాగరు కాలువలకు 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ నీరు విడిచిరి. అంతకుముందు చెరువుల క్రిందను, మూసీ దరిని తప్ప మన నల్లగొండ మెట్టలలో జొన్న, సజ్జ, ఆముదములే పంటలు. ఎడమకాలువ నీరు వచ్చిన పిదప మిర్యాలగూడ వరికి రాజధాని యైనది. జొన్నంబలి పేదతనమునకు గుర్తయి వెనుకకు పోయినది. 2016లో సూర్యాపేట వేరు జిల్లాయై, కోదాడ అందులో చేరి, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినను, ముగ్గురము ఒకే కాలువ నీళ్లు త్రాగినవారమే.

థాయి దేశమున కథ వేరు విధముగా నడచినది. ఈ సోంతాం వారి ఈశాన్య ప్రాంతమగు ఈసానుది. అది ఇసుకనేల, వానలు నమ్మరాని సీమ. జిగురుబియ్యము తిను కష్టజీవుల చోటు. అచటి స్త్రీపురుషులు కూలికై బ్యాంకాకు పోయినపుడు తమ రోటిని వెంట తీసికొని పోయిరి. వీధిమూలల బండ్లపై దంచి అమ్మిరి. మొదట కూలివారి తిండియని చులకన చేసిన నగరవాసులే తరువాత దానికై వరుసలు గట్టిరి. ఇప్పుడది దేశదేశముల భోజనశాలలకు ఎక్కినది. మనవారును పట్నమునకు కూలికి పోయిరి. కాని అంబలిముంతను ఇంట దాచి పోయిరి. ఇటీవల హైదరాబాదు ఉద్యానముల యొద్ద ప్రొద్దున జావ బండ్లు కనబడుచున్నవి. అది మధుమేహమునకు వెరచి వైద్యుని మాట విన్నవారి త్రాగుడు గాని, రుచికై కోరినది కాదు. పచ్చిబొప్పాయిని అంత వెలపెట్టి తినిన మేము, గోంగూరను రోటిలో దంచి వేడి జొన్నరొట్టెతో పదిగంటలవేళ వడ్డించు చక్కని భోజనశాల సూర్యాపేట రహదారిపై నుండిన, ఆగమా? తప్పక ఆగుదుము. బస్సు మాత్రము వేచియుండవలెను.

వెల యెంతయని సోదరీమణులు అడుగుదురు. బొప్పాయి పచ్చడి యొక్కటే మా యింట రెండు దినముల కూరగాయలకగు ఖర్చుతో సమానము. కనుక మాటిమాటికి పోదగినది కాదు. ఇంటిలోనే చేసికొనుటకు కావలసినవి చాలవరకు మనకు దొరకును. నిమ్మగడ్డి పెరటికుండీలో పెరుగును. వారు పులుసులో వేయు గలంగా దుంప మన మూలికల అంగడిలోని దుంపరాష్ట్రకమే. దొరకనిచో అల్లమును కొంచెము తక్కువగా వాడవచ్చును. కొబ్బరి మన సీమలో పండదు గనుక కొబ్బరిపాల వంటలను పండుగకు ఉంచుకొనుట మేలు. ఎండు కుడుకలతో ఆ రుచి రాదు.

పచ్చడికి గట్టి పచ్చిబొప్పాయిని చెక్కు తీసి, పాలు కారిపోవునట్లు నీటిలో కొంతసేపుంచి, సన్నని పుల్లలవలె తరుగవలెను. గర్భిణులకు ఇది పెట్టరాదు; వారికి పచ్చిమామిడిగాని, దోసకాయగాని వాడవలెను. నలుగురికి రెండు వెల్లుల్లి పాయల రెబ్బలు ఎక్కువ. నాలుగు రెబ్బలు, మూడు పచ్చిమిరపకాయలు చాలును. వీనిని రోటిలో చితుకగొట్టి, నిమ్మకాయంత బెల్లము, చిటికెడు ఉప్పు చేర్చి, బొప్పాయి వేసి, గరిటెతో క్రిందుమీదు చేయుచు రోకలితో మెల్లగా తాకించవలెను. ఒక పెద్ద నిమ్మకాయ రసము పిండవలెను. చింతపులుసు ఒక చెంచా చేర్చిన మన నాలుకకు మరింత హితముగా నుండును. పల్లీలను దోరగా వేయించి, పొట్టు తీసి, వడ్డించునపుడే చల్లవలెను. ముందుగా వేసినచో మెత్తబడును. ఇది నిలువయుండునది కాదు. చేసిన యామె చేసిన వెంటనే, అందరితోబాటు కూర్చుండి తినవలెను. గడియ దాటినచో నీరు వదలి చప్పబడును.